విశాఖను సముద్రం మీంచి తీరిగ్గా చూడాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ వచ్చే చుట్టాలు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి అడిగేవే ఇవన్నీ. ఒకసారి రాసి పెడితే అందరికీ ఇదే పంపేయొచ్చు కదా అని కూర్చున్నాను. ఐదు నిమిషాల్లో నాలుగు కేకలు పెట్టి దిగిపోయే బోటు సరదా కావాలంటే దీనంతా చదవక్కర్లేదు, రుషికొండ వెళ్లి టికెట్ తీసుకుంటే సరిపోతుంది. తొందర లేకుండా, కొంత నీటి మీద, కొంత ఒడ్డున, ఒక రోజంతా ఊరిని చూడాలనుకునేవాళ్ల కోసం ఇది.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా బోటులోనే ఉండొచ్చా?

కుదరదు. కుదిరినా వద్దంటాను. కేరళలో లాగా హౌస్‌బోటు ఎక్కి, భోంచేసి, ఓ కునుకు తీసి లేచే రకం నీళ్లు కావివి. ఇది బంగాళాఖాతం. ఇక్కడి షికారు బోట్లు ఒక చుట్టు తిప్పి తీసుకొచ్చేస్తాయి. అందుకని రోజును ఇలా పెట్టుకోండి: తెల్లారేసరికి ఫిషింగ్ హార్బర్, మొదట బయల్దేరే బోటులో సముద్రం, తిరిగొచ్చాక టిఫిను, ఎండ వేళ విశ్రాంతి, మధ్యాహ్నం తర్వాత బీచ్ రోడ్డులో సబ్‌మెరైన్ మ్యూజియం, చీకటి పడేదాకా ఇసుకలో కూర్చోవడం. బోటు మీద గడిపేది కొద్దిసేపే అయినా, మిగతా రోజంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పొద్దున నీటి మీంచి చూసిన కొండనీ, గుడినీ, జలాంతర్గామినీ సాయంత్రం దగ్గరికెళ్లి చూస్తారు.

బోటు ఎక్కడ ఎక్కాలి?

రెండు చోట్ల. పాత ఊరి వైపు ఫిషింగ్ హార్బర్ జెట్టీ నుంచి పెద్ద బోట్లు ఉంటాయి, ఓడరేవు ముఖద్వారం, డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు తీసుకెళ్తాయి. ఊరికి ఉత్తరాన రుషికొండ బీచ్‌లో స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు, కయాక్‌లు ఉంటాయి. ఊరిని చూడాలంటే హార్బర్, నీళ్లలో ఆడుకోవాలంటే రుషికొండ. రెండూ ఒకే పూట పెట్టుకుంటే రెండూ సరిగ్గా తీరవు.

శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకి 2020లో వచ్చింది కాబట్టి మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు లాంటి వసతులు అక్కడే నయం. హార్బర్‌లో అలాంటివి ఆశించకండి, అది చేపల పని జరిగే చోటు.

ఏ టైమ్‌కి వెళ్తే బావుంటుంది?

పొద్దున్నే. ఈ ఒక్క మాట వింటే చాలు, మిగతావన్నీ మీ ఇష్టం.

విశాఖ తీరం తూర్పు, ఆగ్నేయాలకు తిరిగి ఉంటుంది. పొద్దున సముద్రంలోకి వెళ్లి ఊరి వైపు తిరిగితే సూర్యుడు మీ వీపు మీద ఉంటాడు. ఆ ఎండ నేరుగా వెళ్లి కొండల మీదా మేడల మీదా పడుతుంది. కైలాసగిరి మీది తెల్లటి శివపార్వతుల విగ్రహం, ఆర్కే బీచ్ కాళీమాత గుడి, కొండవాలులో ఉన్న ఇళ్లు, అన్నీ కడిగి ఆరబెట్టినట్టు కనిపిస్తాయి. అదే సాయంత్రం వెళ్తే సూర్యుడు సింహాచలం కొండల వెనక్కి దిగుతుంటాడు. ఊరంతా నల్లటి గీత అయిపోయి, ఫొటోల్లో మీ మొహాలు కూడా కనపడవు. సూర్యాస్తమయం సముద్రంలో చూద్దామని హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గానీ సముద్రంలోకి దిగడు.

రెండో కారణం గాలి. రాత్రంతా చల్లబడిన నేల మీంచి వచ్చే గాలి తెల్లవారుజామున నెమ్మదిగా ఉంటుంది కాబట్టి నీళ్లు కాస్త కుదురుగా ఉంటాయి. ఎండెక్కే కొద్దీ నేల వేడెక్కి, సముద్రం మీంచి గాలి ఒడ్డుకు తోస్తుంది. మధ్యాహ్నానికి కెరటాలు లేస్తాయి, బోటు ఎగిరెగిరి పడుతుంది. చేపలవాళ్లు చీకటితో వెళ్లడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఏ నెలలో రావాలి?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. ఎండ ఉంటుంది, మండదు. అక్టోబరు, నవంబరు కూడా చల్లగా బావుంటాయి గానీ అవి తుపాన్ల నెలలు. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న. ఆ ఆదివారం గురించి ఏ ఆటో డ్రైవర్‌ని కదిపినా దిగేదాకా చెబుతాడు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ఎప్పుడెలా ఉంటుందో నమ్మలేం. మే నెలలో ఉక్కపోతకు చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, తాటి ముంజలు దొరుకుతాయన్నదే ఊరట.

సంక్రాంతి, ముఖ్యంగా కనుమ రోజు, కార్తీక మాసం ఆదివారాలు మాత్రం వదిలేయండి. ఆ రోజుల్లో బీచ్‌లో ఇసుక కనపడదు, జనమే.

ఇంకో సంగతి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రెండు నెలలూ బోట్లన్నీ హార్బర్‌లో పక్కపక్కనే లంగరు వేసి ఉంటాయి. రంగులు వేయడం, ఇంజన్లు విప్పడం, చెక్కలు మార్చడం అన్నీ అప్పుడే. వేలంపాట సందడి ఉండదు గానీ, పడవ దగ్గరగా ఎలా ఉంటుందో చూడాలంటే అంతకంటే మంచి సమయం లేదు.

బోటు మీంచి అసలేం కనిపిస్తుంది? ఒడ్డు నుంచి చూస్తే చాలదా?

చాలదు. బీచ్ రోడ్డులో నిలబడితే సముద్రం కనిపిస్తుంది, ఊరు కనపడదు. ఈ ఊరు ఇక్కడెందుకు పుట్టిందో నీటి మీద నుంచి చూస్తేనే తెలుస్తుంది.

హార్బర్ నుంచి బయల్దేరగానే మరపడవల సందులోంచి మెల్లగా వెళ్తారు. ముక్కు మీద దేవుడి పేరో, ఇంట్లో ఆడపిల్ల పేరో రాసి ఉంటుంది. కొన్నింటికి నిమ్మకాయలు, వాడిన పూలదండ. వేటకెళ్లే బోటులోకి ఐసు గడ్డల్ని మిషన్‌లో నలగ్గొట్టి గొట్టంతో వదులుతుంటారు. ఒకసారి వెళ్తే చాలా రోజులు సముద్రం మీదే ఉంటారు మరి, పట్టిన చేప పాడవకూడదు. జెట్టీ మీద పెద్దాయనలు కాళ్లు చాపుకుని కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించి బిగలాగి, నైలాన్ దారం చుట్టిన సూదితో చిరుగులు అల్లుతుంటారు. వాళ్ల చెయ్యి వేగం చూస్తే కన్ను తిప్పబుద్ధి కాదు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే జెట్టీలో మంటలు లేచి ముప్పైకి పైగా బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటు మీద ఎన్ని ఇళ్లు బతుకుతాయో తెలిసినవాళ్లకి ఆ రాత్రి ఇంకా కళ్ల ముందే ఉంది.

హార్బర్ దాటాక కుడివైపు డాల్ఫిన్స్ నోస్. బీచ్ రోడ్డులో నుంచి చూసినప్పుడు అది మామూలు కొండే. కిందకి వెళ్లి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. రాయి నిలువుగా నీళ్లలోకి దిగిపోతుంది, కెరటం వచ్చి దాని పాదం దగ్గర పగులుతుంది, కొండ మీద లైట్‌హౌస్. వెనకాల యారాడ. ఆ కొండ అడ్డంగా నిలబడి దక్షిణం వైపు నుంచి వచ్చే కెరటాల్ని ఆపుతుంది కాబట్టే, దాని చాటున ఉన్న సన్నటి నీటి దారిని తవ్వుకుని ఓడరేవు కట్టారు. మేఘాద్రి గెడ్డ నీళ్లు వచ్చి కలిసే బురద నేలను తవ్వి లోపలి హార్బర్ చేశారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ లోపలికి రావడంతో రేవు తెరుచుకుంది. ఇసుక కొట్టుకొచ్చి ఛానెల్ పూడుకుపోతుంటే, రెండు పాత ఓడల్ని రాళ్లతో నింపి సముద్రంలో ముంచేసి అడ్డుకట్టగా వాడుకున్నారు. ఇప్పుడు మీ బోటు తిరిగే బయటి హార్బర్ 1970ల్లో వచ్చింది.

ఛానెల్ వైపు చూస్తే పాత పోస్టాఫీసు దగ్గరి మూడు గుట్టలు కనిపిస్తాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద రాస్‌హిల్ మేరీమాత చర్చి, ఇంకోదాని మీద ఇసాక్ మదీనా దర్గా. సముద్రం మీదకు వెళ్లేవాళ్లు ఏ మతంవాళ్లయినా మూడింటికీ దణ్ణం పెట్టుకోవడం ఇక్కడ మామూలే. లోపలి హార్బర్‌లోకి షికారు బోట్లను పోనివ్వరు. అక్కడ నేవీ డాక్‌యార్డ్, ఇంకా లోపల హిందుస్తాన్ షిప్‌యార్డ్ ఉన్నాయి. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఓడ జలఉషను 1948 మార్చి 14న నెహ్రూ నీళ్లలోకి వదిలింది అక్కడే. షిప్‌యార్డ్‌ని మొదలుపెట్టిన సింధియా కంపెనీ ఎప్పుడో పోయింది గానీ, ఆ వైపు వెళ్లే బస్సుల్లో జనం ఇప్పటికీ సింధియా అనే టికెట్ అడుగుతారు.

తర్వాత బోటు ఎడమకి తిరిగితే ఊరంతా వరసగా వస్తుంది. కంటైనర్ టెర్మినల్ క్రేన్లు, కోస్టల్ బ్యాటరీ, ఆర్కే బీచ్, లాసన్స్ బే, కైలాసగిరి, దూరంగా రుషికొండ. రెండో ప్రపంచయుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు వచ్చి ఈ ఊరి మీద బాంబులు వేసిందీ సముద్రం వైపు నుంచే. 1971 డిసెంబరులో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఇప్పటికీ ఈ తీరానికి దగ్గర్లోనే అడుగున పడి ఉంది. కుడివైపు దిగంతం దగ్గర కదలకుండా కనిపించే ఓడలు రేవులోకి పిలుపు కోసం లంగరు వేసుకుని ఉన్నవి.

ఎటువైపు కూర్చోవాలి?

వెళ్లేటప్పుడు డాల్ఫిన్స్ నోస్ కోసం కుడివైపు, ఉత్తరానికి తిరిగాక ఊరి కోసం ఎడమవైపు. కానీ బోటు నడుస్తుండగా ఇటు నుంచి అటు పరుగులు పెట్టకండి. అందరూ ఒకే పక్కకు చేరితే బోటు ఒరుగుతుంది. "కూకోండి బాబూ, కెరటం తగిల్తే పడిపోతారు" అని బోటు నడిపే సరంగు అరిచాడంటే ఊరికే కాదు. బోట్లలో బాగా తిరిగిన అలవాటున్నవాళ్లు వెనక భాగంలో, మధ్యకు దగ్గరగా కూర్చుంటారు. ఊపు అక్కడ తక్కువ, రెండు పక్కలా కనిపిస్తుంది.

డాల్ఫిన్లు కనిపిస్తాయా?

విశాఖ సముద్రంలో ఉన్నాయి, అప్పుడప్పుడు బోట్లకు ఎదురవుతాయి. అలాగని చూపిస్తామని ఎవరైనా మాటిచ్చి ఎక్కువ డబ్బులు అడిగితే నమ్మకండి. శీతాకాలం చివర్లో తాబేళ్లు కనిపించే అవకాశం ఉంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఈ ఇసుక మీదకే వస్తాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లను ఏరి, కంచె వేసిన చోట పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. హార్బర్‌లో మాత్రం గద్దలకు కొదవ ఉండదు. చేప చేతిలో పట్టుకుని నిలబడితే మీ చేతికి పూచీ లేదు.

ఫొటోలు తీసుకోవచ్చా? డ్రోన్ తెచ్చుకోవచ్చా?

కొండలు, బీచ్, మీ వాళ్లు, చేపల పడవలు, ఎన్నైనా తీసుకోండి. నేవీ ఓడలు, డాక్‌యార్డ్ వైపు మాత్రం కెమెరా తిప్పకండి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రం, ఆ విషయంలో ఎవరూ సరదాగా తీసుకోరు. డ్రోన్ ఇంట్లో వదిలేసి రండి. నేవీ స్థలాల చుట్టూ మూడు కిలోమీటర్ల లోపల అనుమతి లేకుండా ఎగరేయడం నిషేధం, ఊళ్లో చాలా భాగం ఆ లెక్కలోకే వస్తుంది. "ఒక్క రీల్ కోసమే అన్నా" అంటే పోలీసులు వినరు.

హార్బర్‌లో కంపు భరించగలమా?

మొదటి పది నిమిషాలు కష్టం. ఆ తర్వాత ముక్కు సర్దుకుంటుంది. సెంటు కొట్టుకుని, పట్టుచీర కట్టుకుని రావొద్దు. నేలంతా ఐసు నీళ్లు, పొలుసులు, జారుతుంది. పట్టున్న రబ్బరు చెప్పులు వేసుకోండి. వేలం దగ్గర దారికి అడ్డంగా నిలబడకండి. నెత్తి మీద తట్టతో వచ్చే ఆడవాళ్లు ఆగరు, మీరే తప్పుకోవాలి. అడిగితే చేపల పేర్లు చెబుతారు, కొనకపోయినా ఏమనుకోరు. వంజరం, చందువ, నెత్తళ్లు, సూరలు, ఇంతింత పీతలు. మనుషుల్ని ఫొటో తీసేముందు మాత్రం ఒక మాట అడగండి.

బోటెక్కితే వాంతులవుతాయి. ఏం చేయాలి?

ఖాళీ కడుపుతో ఎక్కకండి, పూరీలు తిని కూడా ఎక్కకండి. రెండిడ్లీలు, కాసిని నీళ్లు. టీ తిరిగొచ్చాక తాగొచ్చు. ప్రయాణాల్లో వేసుకునే మాత్ర అలవాటున్నవాళ్లు అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. బీపీ, షుగరు మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడిగాకే. బోటులో ఫోన్ చూడటం మానేసి, దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే చోటు మీద చూపు పెట్టండి. కింద గదిలాంటి చోట కూర్చోవద్దు, గాలి తగిలే చోట కూర్చోండి. అల్లం ముక్క, ఉప్పు రాసిన ఉసిరికాయ దగ్గరుంచుకుంటే కొంతమందికి పనిచేస్తుంది. వచ్చేటట్టుంటే సిగ్గుపడకుండా గాలి వచ్చే దిక్కుకి వీపు పెట్టి అంచు దగ్గర కూర్చోండి. ఎదురుగాలికి తిరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నాకు ఈత రాదు. ఎక్కొచ్చా?

ఎక్కేవాళ్లలో ఈత రానివాళ్లే ఎక్కువ. ఈత వచ్చినా సముద్రంలో అది చెరువు ఈత కాదు. కావాల్సింది లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర షికారు బోటు మునిగిన సంగతి తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు.

ఇచ్చిన జాకెట్‌ని భుజం మీద వేసుకుని ఊరుకోకండి. బకిల్స్ అన్నీ టిక్‌మని పడ్డాయో లేదో చూడండి. తర్వాత ఎవరినైనా మీ జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగమనండి. అది చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో పడితే జాకెట్ పైకి, మీరు కిందికి. పిల్లలకి పిల్లల సైజే కావాలి. లేదంటే ఆ బోటు ఎక్కకండి, ఎంత బతిమాలినా సరే. ఫొటో కోసం విప్పడం, ఉక్కగా ఉందని గుండీలు తీయడం, రెండూ వద్దు. బోటులో ఎంతమందిని ఎక్కించాలో రాసి ఉంటుంది. లెక్క మించితే దిగిపోయి తర్వాతి బోటుకి వెళ్లండి, డబ్బులు పోయినా పర్వాలేదు.

పసిపిల్లలు, ముసలివాళ్లతో వెళ్లొచ్చా?

చంటిపిల్లల్ని ఒడ్డునే ఉంచండి, ఒకరు వాళ్లతో ఆగండి. గర్భిణులు, వెన్ను నొప్పి ఉన్నవాళ్లు స్పీడ్ బోటు జోలికి పోవద్దు. ఒక్క కెరటం దెబ్బకి వెన్నులో కలుక్కుమంటుంది. ఇంట్లో పెద్దవాళ్లకి అసలు కష్టం సముద్రం కాదు, జెట్టీ మీంచి బోటులోకి అడుగు వేయడం. బోటు పైకీ కిందికీ ఊగుతుంటుంది. అది పైకి లేచి జెట్టీతో సమానమైనప్పుడు, కుర్రాడి మోచెయ్యి పట్టుకుని ఒకే అడుగులో దిగాలి. ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి ఆలోచిస్తే మాత్రం ప్రమాదం. తాతయ్యకి మోకాళ్లు బాగోలేవంటే బీచ్ రోడ్డులో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ బస్సు ఎక్కించండి. 2025లో మొదలైంది, ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా. పై అంతస్తులో కూర్చుంటే సముద్రం పొడవునా పక్కనే ఉంటుంది.

స్పీడ్ బోటు, జెట్ స్కీ సంగతేంటి?

కుర్రాళ్లకి సరదా, కాదనను. కానీ నీళ్లు మొహాన కొట్టడం తప్ప ఏమీ చూడరు. కయాక్ దానికంటే వంద రెట్లు నయం. సముద్రం కుదురుగా ఉన్న పొద్దున రుషికొండలో తెడ్డు వేసుకుంటూ వెళ్తే, నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం ఉండదు.

ఒక చేపల బోటువాళ్లు తక్కువకే తిప్పుతామన్నారు. వెళ్లమంటారా?

వద్దు. వాళ్లు సముద్రం తెలిసినవాళ్లే, మీకంటే నాకంటే ఎంతో తెలిసినవాళ్లు. కానీ ఆ బోటు మనుషుల్ని తిప్పడానికి అనుమతి ఉన్నది కాదు, జాకెట్లుండవు, జరగరానిది జరిగితే బీమా ఉండదు. వాళ్లకీ చిక్కే, మీకూ చిక్కే. కౌంటర్‌లో రసీదు ఇచ్చే బోటే ఎక్కండి. ధర బోర్డు మీద రాసి ఉంటుంది, తలకి ఎంత, బోటు మొత్తానికి ఎంత అన్నది ముందే తేల్చుకోండి. గొడవలన్నీ అక్కడే వస్తాయి.

బోటు దిగాక మిగతా రోజంతా ఏం చేయాలి?

ముందు తినండి, తర్వాత పడుకోండి. ఉప్పుగాలికి వచ్చే నిద్ర వేరు. మధ్యాహ్నం భోజనానికి వంజరం వేపుడు, రొయ్యల ఇగురు దొరికే మెస్ ఎక్కడైనా ఉంటుంది. పెద్ద పేరున్న హోటల్ కోసం ఊరంతా తిరగాల్సిన పని లేదు. జనం ఎక్కడ నిలబడి ఎదురుచూస్తున్నారో అక్కడికెళ్లండి.

ఎండ తగ్గాక ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించి, 2002లో ఇసుక మీదకెక్కి మ్యూజియం అయింది. పొద్దున బోటులోంచి చూసినప్పుడు ఒడ్డున నల్లటి చేపలా కనిపించింది, లోపల 91 మీటర్ల పొడవు. దాదాపు 75 మంది అందులో ఉండేవాళ్లు. ఒక మంచం వెడల్పు చూస్తే చాలు, వాళ్ల బతుకు అర్థమవుతుంది. గుండ్రటి తలుపుల్లోంచి కాలు ఎత్తి వంగి దూరాలి, లావుపాటి బాబాయిలు కాస్త ఆలోచించుకోండి. రోడ్డుకి అవతలే నేవీ పాత విమానం టీయూ-142 మ్యూజియం. సోమవారం సబ్‌మెరైన్‌కి సెలవు, ఆ రోజు పెట్టుకుని వచ్చి గేటు దగ్గర ఉసూరుమనేవాళ్లు ప్రతి వారం ఉంటారు.

చీకటి పడేవేళ ఇసుకలో కూర్చుని మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తు. పొత్తు మీద నిమ్మచెక్కతో ఉప్పూకారం రాసేటప్పుడు తక్కువ వేయమని ముందే చెప్పండి, వాళ్ల లెక్కలో తక్కువంటేనే మనకి సరిపడా.

సముద్రంలో స్నానం చేయొచ్చా?

ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకుని రండి, అంతే. పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది గానీ అడుగున లాగేస్తుంది, దగ్గర్లోనే లోతు. ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి, ఎక్కువమంది బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లే. హార్బర్ గోడలు కట్టాక దక్షిణం నుంచి కొట్టుకొచ్చే ఇసుక ఆగిపోయి బీచ్ కోసుకుపోతుంటే, డ్రెడ్జర్లతో ఇసుక తెచ్చి పోస్తుంటారు. అందుకే నిన్న ఉన్న ఒడ్డు ఇవాళ ఉండదు. మునగాలనుంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు కనిపించే చోట, జెండాల మధ్యే.

సముద్రమంటేనే భయం. పడవ మాత్రం ఎక్కాలనుంది!

మీకు కొండకర్ల ఆవ చూపించాలి. అనకాపల్లి జిల్లాలో, అచ్యుతాపురం దగ్గర, విశాఖ నుంచి కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి తిరిగొచ్చేయొచ్చు. పెద్ద మంచినీటి మడుగు, చుట్టూ కొండలు, కొబ్బరి చెట్లు. అక్కడి పడవలు రెండు తాటి దోనెలు. తాటి మానును నిలువునా తొలిచి, అలాంటివి రెండు పక్కపక్కన కలిపి కడతారు. వాటి మీద మిమ్మల్ని కూర్చోబెట్టి, ఒకాయన వెనక నిలబడి పొడవాటి గెడతో అడుగు నేలను తోస్తూ నడుపుతాడు. ఇంజన్ లేదు, డీజిల్ వాసన లేదు. తామరాకులు దోనె పక్కకి రాసుకుంటూ పోతాయి. ఆకు మీద నీటిబొట్టు దొర్లి జారడం కూడా తీరిగ్గా చూడొచ్చు. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. నీళ్లకు చాలా దగ్గరగా కూర్చుంటారు కాబట్టి ఫోను, పర్సు ప్లాస్టిక్ కవర్‌లో వేసి మెడకి కట్టుకోండి. నన్నడిగితే సముద్రం బోటు కంటే ఒక మార్కు ఎక్కువే వేస్తాను. ఊరు కనపడదన్న లోటు తప్ప.

పెద్ద క్రూయిజ్ షిప్పులు కూడా వస్తాయట కదా?

వస్తాయి. ఓడరేవులో క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. ఆ ఓడలు రోజూ ఉండవు, వచ్చిన సీజన్‌లో ముందుగా బుక్ చేసుకోవాలి, బస, భోజనం అన్నీ ఓడలోనే. అండమాన్ వెళ్లే ప్రభుత్వ ఓడ కూడా విశాఖ నుంచి ఉంది, శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) చేరడానికి రెండు రోజులు దాటుతుంది. ఒక్కరోజు షికారుకి రెండూ పనికిరావు.

వచ్చిన రోజే బోట్లు ఆపేస్తే?

ఆపేస్తే ఆపేసినట్టే, కౌంటర్ దగ్గర వాదించకండి. ముందురోజు రాత్రి వార్తల్లో రెండు మాటలు వినండి. విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ఏమంది, రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఒకటో నంబరు అంటే అల్పపీడనం ఎక్కడో దూరంగా ఉందని. మూడో నంబరు అన్నారంటే ఆ రోజు బోటు మాట మరిచిపోండి. ఎండ కాస్తున్నా ఒక్కోసారి ఆపుతారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ పెద్ద అలల హెచ్చరిక ఇస్తే ఆకాశం ఎంత నీలంగా ఉన్నా వెళ్లనివ్వరు. డిసెంబరు 4 నేవీ డే. ఆ విన్యాసాలు ఆర్కే బీచ్‌లో పెట్టినప్పుడు ఆ రోజూ, దానికి ముందు రిహార్సల్ రోజుల్లో కూడా అటువైపు నీళ్లలో తిరగనివ్వరు. అయితే విన్యాసాల రోజు ఒడ్డున కూర్చుని హెలికాప్టర్లు, యుద్ధనౌకలు చూడటం బోటు కంటే పెద్ద పండగే. అలాంటప్పుడు కొండకర్ల ఆవకో, కైలాసగిరి రోప్‌వేకో ప్లాన్ మార్చుకోండి, గాలి ఎక్కువైతే రోప్‌వే కూడా ఆపుతారని గుర్తుంచుకుని.

ఏమేం తెచ్చుకోవాలి?

గడ్డం కింద తాడు కట్టుకునే టోపీ. తాడు లేనిది సముద్రానికి ఇచ్చేసినట్టే. మంచినీళ్లు, పొడి తువ్వాలు, ఒక జత బట్టలు, సన్‌స్క్రీన్. గొడుగు పనికిరాదు. చిప్స్ ప్యాకెట్లు నీళ్లలో వేసే అలవాటున్నవాళ్లని ఒడ్డునే వదిలి రండి.

తిరిగి వెళ్లేటప్పుడు చేపలు కొనుక్కెళ్లొచ్చా?

పొద్దున కొనేసి రోజంతా కారులో పెట్టుకుని తిరగకండి. వెళ్లే రోజు తెల్లవారుజామున మళ్లీ హార్బర్‌కి వెళ్లండి. మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను పైకి ఉబ్బి మెరవాలి. వేలితో నొక్కితే గుంట పడి ఉండిపోకూడదు. అక్కడే కోసి శుభ్రం చేసి ఇచ్చేవాళ్లుంటారు, థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి టేపు చుట్టిస్తారు. రైల్లో అయితే టేపు ఇంకో రెండు చుట్లు వేయమనండి, కరిగిన నీళ్లు పక్కవాళ్ల బ్యాగు కిందికి పోతే విజయనగరం దాటేలోపే గొడవ మొదలవుతుంది. శాకాహారులైతే మాడుగుల హల్వా తీసుకోండి, పెట్టె కారదు.